మూగబోయిన మిషన్

సిరిసిల్లలో రంజిత్ బావమరిది పెళ్లికి పోయి వస్తుంటే నీల చెవి మిషన్ ఆగిపోయింది.

బస్సులో తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది పిల్ల. పిల్ల నిద్రపోయిందనుకుని అమ్మానాన్నలు రంజిత్, నవనీత పెళ్లిలో నీల గురించి చుట్టాలన్న మాటలన్నీ తవ్వుకుంటూ, మనసులో బరువంతా దించుకుంటూ వచ్చారు. కోరుట్ల బస్టాండులో దిగి "నడువు బిడ్డా" అంటే నీల కదల్లేదు. ఎంత పిలిచినా తల తిప్పలేదు. ఆ రోజు నుంచి మాట్లాడటమూ మానేసింది.

నీలకు తొమ్మిదేళ్లు. పుట్టు చెవుడు. చిన్నప్పుడే ఆపరేషన్ చేసి తల లోపల ఒక ముక్క అమర్చారు. చెవి వెనక తగిలించుకునే మిషన్ బయటి శబ్దాన్ని ఆ ముక్కకు పంపుతుంది. దాంతోనే పిల్ల మాటలు నేర్చింది, బడికి పోయింది.

మిషన్ మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. లోపల ఏం పాడైందో చూడాలంటే కేబుల్‌తో కంప్యూటరుకు కలపాలి. జగిత్యాలలో చెవి పరీక్షలు చేసే ఊర్మిళ మేడం దగ్గర కేబుల్ ఉంది. కానీ అది కంపెనీ ప్రోగ్రాంతో తప్ప పనిచేయదు. ఆ కంపెనీ ఈ మోడల్‌కు ఎప్పుడో నీళ్లొదిలేసింది. కొత్తది తీసుకోండి, లోపలి ముక్కకు మళ్లీ ఆపరేషన్ చేయించండి అని చల్లగా చెప్పింది. మన బిడ్డ తలలో ఉన్నదానికి తాళంచెవి ఎవడి జేబులోనో ఉందన్నమాట.

రంజిత్‌కు కడుపు మండింది. కోరుట్లలో అతనిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. మేడంను అడిగి కేబుల్ తెచ్చుకుని, దాని గుట్టు ఒక్కొక్కటే విప్పుతూ సొంతంగా ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. తెలిసిందల్లా ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టాడు. ముక్కూమొహం తెలియని వాళ్లు ఎక్కడెక్కడి నుంచో చేయి కలిపారు. ఎవరో పరదేశపు తండ్రి, తన కొడుకు మిషన్ సగం రాసిన ఈ ప్రోగ్రాంతోనే బాగైందని రాశాడు. రంజిత్ సంతోషించాడు, కుళ్లుకున్నాడు కూడా.

ఇంట్లో మాత్రం ఓపికలు అడుగంటాయి. బడులు తెరిచేలోపు మిషన్ బాగుకాకపోతే నీలను కరీంనగర్‌లో చెవిటి పిల్లల హాస్టల్లో వేయక తప్పదనుకున్నారు. రంజిత్ తల్లి దేవవ్వ ఇంకొకరిని కనమని పొద్దస్తమానం పోరేది. నవనీత అన్నం పెడుతూనే ఏడ్చేది. ఒకరోజు ప్రోగ్రాం మొండికేసినప్పుడు రంజిత్ కూడా నోరు జారాడు.

"ఆపరేషన్ చేపియ్యకుంటనే మంచిగుంటుండె. ఒక్కనాడు ఏడ్సి ఊకుంటుంటిమి. గిప్పుడు రోజు ఏడ్సుడే అయింది."

పక్కనే నీల బొమ్మకు రంగులేస్తోంది. నవనీత కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ మాట ఎందుకన్నానా అని రంజిత్ చాలా రోజులు కుమిలిపోయాడు.

చివరికి ప్రోగ్రాం పూర్తయింది. ముగ్గురూ జగిత్యాల పోయారు. ఊర్మిళ మేడం మిషన్‌కు కేబుల్ తగిలించింది. తెర మీద గీతలు లేచాయి. మైకు బాగుంది. లోపలి ముక్క బాగుంది. శబ్దం నరం దాకా పోతోంది, నరం బదులిస్తోంది.

నవనీత వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. పిల్ల కదల్లేదు.

రంజిత్ మళ్లీ నడిపి చూశాడు. మళ్లీ అదే. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడ లెక్క కుదరకపోయినా ముందు తమ రాతనే అనుమానిస్తారు. ఇన్నాళ్ల కష్టం బూడిదైనట్టు అతను కుర్చీలో కూలబడ్డాడు.

"నా ప్రోగ్రామే తప్పు మేడం. ఖరాబైనదాన్ని మంచిగున్నదని సూపెడుతున్నది. నాతోని కాలే. నా బిడ్డను నేనే ఆగం చేసిన."

ఆ మాటతో గుండె పగిలింది. మేడం ముందరే వెక్కి వెక్కి ఏడ్చాడు.

నీల లేచి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నీ ప్రోగ్రాం మంచిగనే ఉంది బాపూ," అంది మెల్లగా, "నాకు ఆ బస్సుల ఉన్నప్పటిసంది అన్నీ వినవడుతనే ఉన్నయి."