తగ్గని పాదరసం

“మళ్ళీ నూట రెండా?”

సూపరింటెండెంటు గొంతులోని ఉడుకు చూసి, డాక్టరు థర్మామీటరును కిటికీ వెలుగులో మరోమారు తిప్పి చూశాడు. పాదరసం పంతం పట్టినట్టు అక్కడే నిలిచి ఉంది.

“అవునండి. మందు మార్చినా దిగడం లేదు.”

“మీరిచ్చేవి మందులా, సుద్దముక్కలా? జ్వరం ఉన్నవాణ్ణి ఉరి తీయకూడదని రూలు. తేదీ వేయడం, తాడు సిద్ధం చేయడం, తలారిని పిలిపించడం, తిప్పి పంపడం. ఇదేమన్నా పిల్లలాటా డాక్టరుగారూ?”

“నన్నొక్కసారి లోపలికి పోనిస్తే, ఒళ్ళు ముట్టుకు చూస్తాను కదండీ.”

“చూసి నా సర్వీసుకు మచ్చ తెస్తారా?”

ఉరి తేదీ పడ్డ ఖైదీ గదిలోకి సూపరింటెండెంటు తప్ప మరొకరు అడుగు పెట్టరాదన్నది ఆ జైలు గోడలంత పాత నిబంధన. అన్నమూ నీళ్ళూ తలుపు కంతలోంచి వెళ్తాయి. గాజువస్తువు గనక థర్మామీటరు మాత్రం ఆయన చేతి మీదుగానే వెళ్ళాలి, ఆయన చేతి మీదుగానే రావాలి.

ఇంతలో ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి.

“వాడి క్షమాభిక్ష అర్జీ ఏమైందండీ? ఇంకా బల్ల మీదే ఉందా? పోనీ, అది తేలేదాకా ఆగమంటారా? ఆగకూడదా. సరే, సాయంత్రం జ్వరం లేకపోతే తెల్లవారగానే కానిచ్చేస్తాం.”

ఫోను విసురుగా పెట్టేసి ఆయన డాక్టరు వైపు తిరిగాడు.

“విన్నారా? అక్కడ కాగితం కదలదు, ఇక్కడ జ్వరం దిగదు. అడకత్తెరలో పోకచెక్క నేను.”

సాయంకాలానికి చలి ముదిరింది. డాక్టరును నడవా మొదట్లోనే నిలబెట్టి, ఉన్నికోటు బొత్తాలు పెట్టుకుంటూ సూపరింటెండెంటు లోపలికి నడిచాడు. గది ముందు హెడ్ వార్డరు సెల్యూటు కొట్టాడు.

“సార్, కంతలోంచి చూశాను. వాడు బస్కీలు తీస్తున్నాడు.”

“జ్వరం తలకెక్కితే బస్కీలేం ఖర్మ, పిల్లిమొగ్గలు కూడా వేస్తారు. నువ్వెప్పుడు నేర్చావయ్యా వైద్యం?”

వార్డరు పక్కకు తప్పుకున్నాడు. తలుపు తాళం గోలగోలగా తెరుచుకుంది. ఖైదీ గోడకు చేరగిలి కూర్చుని ఉన్నాడు.

“ఇదిగో, మాత్ర మింగు.”

“నాకు జ్వరం లేదు సార్. ఒళ్ళు రాయిలా ఉంది. ఈ వాయిదాలే పడలేకపోతున్నా. తాడు కన్నా మీ మాత్రలే చేదుగా ఉన్నాయి.”

“థర్మామీటరు కన్నా నీకెక్కువ తెలుసా?”

“ఒళ్ళు నాది కద సార్.”

“ఈ గోడల మధ్య ఉన్నంతకాలం అదీ నా పూచీయే. నోరు తెరు. నాలిక కింద పెట్టు. మాట్లాడితే పగులుతుంది.”

ఖైదీ చూపు పైనున్న చిన్న కిటికీకి అతుక్కుంది. మూసిన పెదవుల మధ్య గాజుపుల్ల సన్నగా వణికింది. కాసేపటికి సూపరింటెండెంటు దాన్ని లాగి చేతిలోకి తీసుకున్నాడు.

“ఎంతుంది సార్?”

“చదవడం డాక్టరు పని. మోయడం నా పని.”

“అర్జీ సంగతి ఏమన్నా తెలిసిందా?” ఏదో ఊసుపోక అడిగినట్టే అడిగాడు గానీ, అతని చూపు కిటికీని వదిలి ఆయన ముఖం మీదికి వచ్చింది.

“తెలిస్తే చెప్పనా? అటు వాళ్ళూ ఇటు నువ్వూ కలిసి నా ప్రాణం తోడేస్తున్నారు.”

గొణుక్కుంటూనే బయటికి వచ్చి, తాళం వేసి, పట్టి లాగి చూసి, వార్డరును అక్కడే ఉండమని కసిరి, ఆయన ఒంటరిగా నడవా వెంట కదిలాడు. అవతలి కొసన డాక్టరు ఎదురుచూస్తున్నాడు.

మలుపు తిరగగానే, ఎప్పటిలాగే, ఆగి థర్మామీటరు పాదరసం కొనను ఉన్నికోటుకేసి గబగబా రుద్దాడు.