రైతు యాడమ్మా?

“రైతు యాడమ్మా?” గట్టు మీద నిలబడి ఫోన్ తెరుస్తూ అడిగింది, పంటల నమోదుకు వచ్చిన యామిని.

“నేనే మేడమ్.” పిట్టలను అదిలించీ అదిలించీ నాగక్క గొంతు బొంగురుపోయింది.

నమోదుకు అదే ఆఖరి రోజు. పొద్దుటి నుంచి యామినికి ఇది పదిహేడో చేను. ఏ ఊరికి పోయినా “సారు రాలేదా మేడమ్?” అని అడిగేవాళ్ళే. వాళ్ళకు జవాబు చెప్పలేక పాపం ఆమెకూ ప్రాణం విసిగిపోయింది.

“నువ్వు కాదమ్మా. సేద్యం చేసే మనిషి కావల్ల. చేన్లో నిలబెట్టి ఫోటో తీయాల.”

“పాసుబుక్కులో నా పేరే ఉండాది, సూడు.”

“పేరుకేముందిలే, శానామంది ఆడోళ్ళ పేర్న రాపిస్తారు. దున్నిందెవరు?”

“నేనే.”

“ఇత్తనం ఏసింది?”

“నేనే.”

“మీ ఆయన?”

“డోన్‌లో లారీ తోల్తాడు. చేని మొగం సూసి మూడేండ్లాయ.”

యామిని నిట్టూర్చింది. “బావో మరిదో, ఎవరో ఒక మగమనిషిని పిలువు తల్లీ. రేపు ఏదన్నా తేడా వస్తే నన్నడుగుతారు.”

నాగక్కకు కోపం కూడా రాలేదు. ఒట్టి అలుపు. నిరుడూ ఇట్లాగే మగమనిషిని వెతికేలోపల గడువు దాటిపోయింది. వాన ఎగ్గొడితే ఊరందరికీ నష్టపరిహారం వచ్చింది, ఆమెకు తప్ప. ఈసారీ పేరెక్కకుంటే చేను బీడు పెట్టాల్సిందే.

ఆమె చేయెత్తి చేని నడుమకు చూపించింది. “అదో, ఆడ నిలబడినాడు సూడు.”

యామిని ఎదురెండకు కళ్ళు చికిలించింది. కొర్రచేను నడుమ నీలం చొక్కా, తలకు తువాలు.

“హమ్మయ్య! ఈ మాట ముందే చెప్పకూడదా?” ఆమె మొహం విచ్చుకుంది. “ఏమప్పా! రవ్వంత ఇట్లా తిరుగప్పా!”

ఆయన తిరగలేదు. అయినా ఫోటో తీసేసుకుంది. తర్వాత రైతు పేరు రాయాల్సిన చోట వేలు ఆగింది.

“నీ పేరేందప్పా?” ఇంకా గట్టిగా అరిచింది.

“పలకడులే మేడమ్.” నాగక్క కొంగుతో మొగం తుడుచుకుంది. “అది దిష్టిబొమ్మ. దాన్ని కట్టింది గూడా నేనే.”