మధ్యలో వాడి పేరు

అక్కచెల్లెళ్ళు ముగ్గురిలో చిన్నది సంచి సర్దుతోంది. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, మందపాటి దుప్పటి. జిప్పు పడలేదు. మోకాలు ఆనించి నొక్కింది.

"నాలుగు రోజుల పనికి దుప్పటి కూడానా?" అంది పెద్దక్క గుమ్మంలోంచి. ఆస్పత్రిలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. ఇంకా చెప్పులు కూడా విడవలేదు.

"పని తేలేదాకా ఉండాలిగా."

"ఇంతకీ మా ఇద్దర్లో ఎవరే వెళ్ళేది?"

"పటం గీశాక తెలుస్తుంది."

చిన్నదాని మొగుడు ఎనిమిది నెలల కిందట ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో కళ్ళద్దాల కొట్టు పెట్టుకున్నాడు. చిన్నది ఒక్కతే ఎలా ఉంటుందని అక్కలిద్దరూ వచ్చి ఆమె ఇంట్లో చేరారు. పోయిన వారం అతని దగ్గర్నుంచి విడాకుల కాగితాలు వచ్చాయి. అభిప్రాయభేదాలట.

"అభిప్రాయభేదాలకి మీసానికి రంగేసుకుంటాడా ఎవడైనా?" అంది చిన్నది ఆ రోజు. "వెనకాల ఎవతో ఉంది. అదెవరో తేలేదాకా నేను సంతకం పెట్టను. తేలిన రోజున ఇద్దరి సంగతీ చూస్తాను."

ఆ రోజు నుంచి ఆమె ఏడవడం మానేసింది. అక్కలకి ఆ ఏడుపే నయమనిపించింది.

అక్కల్లో ఒకరు ఆ ఊరు వెళ్ళాలి. కొట్టు ఎదురుగా కాపు కాయాలి. ఆ మనిషిని పట్టుకుని ఇద్దర్నీ బజారుకీడ్చాలి. అదీ ఏర్పాటు.

చిన్నది వంటింటి బల్ల మీద తెల్లటి చార్టు పరిచింది. ఆమె ఉద్యోగమే అది. ఆఫీసులకి వెళ్ళి, ఆలోచనల్ని బొమ్మగా గీసుకోవడం నేర్పుతుంది. మధ్యలో ఒక్క మాట. చుట్టూ కొమ్మలు. కొమ్మలకి రెమ్మలు. తలలో ముద్దకట్టుకుపోయిన సంగతులన్నీ కాగితం మీద విడివిడిగా పడతాయి.

నడిమధ్య సున్నా చుట్టి అందులో మొగుడి పేరు రాసింది. ఎంత గట్టిగా రాసిందంటే, ఆఖరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది.

"సాలెగూడులా ఉందేంటే ఇది?" అంది పెద్దక్క.

"పురుగు పడాలిగా."

పెద్దక్కకి ఎర్ర పెన్ను, నడిపక్కకి పచ్చ పెన్ను ఇచ్చింది.

"వాడి భయాలు, జబ్బులు, అలవాట్లు, ఏదైనా సరే. పది నిమిషాలు. చెయ్యి ఆగకూడదు. ఆగి ఆలోచిస్తే అబద్ధాలొస్తాయి. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టెయ్యకూడదు. ఎవరి కొమ్మలు ఎక్కువైతే వాళ్ళే బస్సెక్కుతారు."

"మరి నువ్వు రాయవా?"

"నేను గీయించేదాన్ని."

నడిపక్క బట్టలు కుడుతుంది. నోరు కత్తెర కంటే పదును. కూర్చుంటూనే అందుకుంది.

"వాడి చేతులు పడిపోను! బంగారంలాంటి పిల్లని వదిలేసి పోతాడా? అద్దాలమ్ముకునేవాడికి కళ్ళు నెత్తికెక్కాయి."

"తిట్లు తర్వాత. రాయి."

పెద్దక్క 'కడుపు' అని ఒక కొమ్మ గీసింది. దానికో రెమ్మ తగిలించింది: 'విరేచనాల మాత్ర'.

"అక్కా, అది జబ్బు కాదే, మందు!"

"కొట్టెయ్యకూడదన్నావుగా!"

ఎనిమిది నెలల్లో ఆ వంటింట్లో మొదటిసారి నవ్వు వినిపించింది. పెద్దక్కకి హుషారొచ్చింది. 'టీ' అని రాసి, పక్కన 'మూడు చెంచాల పంచదార, లేకపోతే పిచ్చెత్తుతుంది' అని పెట్టింది. నడిపక్క పచ్చ పెన్నుతో దాని మీద గీత గీయబోయింది.

"పంచదార ఎక్కడిదక్కా, మొన్నామధ్య షుగరొచ్చాక మానేశాడుగా."

"కొట్టెయ్యకు," అంది చిన్నది, గడియారం మీంచి చూపు తిప్పకుండా. "నీకు తెలిసింది నువ్వు పక్కన రాసుకో. ఇంకా నాలుగు నిమిషాలు."

నడిపక్క రాసుకుంది. రాస్తూనే ఉంది. ఉరుములంటే భయం. ఎడమ మోకాలు. చన్నీళ్ళు పడవు. అద్దం ముందు అరగంట. తల్లి ఫోను చేస్తే ఊళ్ళో లేనంటాడు. పచ్చ కొమ్మలు బల్ల అంచుదాకా పాకాయి. ఎర్ర కొమ్మలు ఐదు దగ్గరే ఆగిపోయాయి.

"చెల్లెలి కష్టం తనదే అనుకుంటుంది పిచ్చిమొహంది," అని మెచ్చుకుంది పెద్దక్క.

పది నిమిషాలయ్యాయి. చిన్నది చార్టు మీదకి వంగింది. ఒక్కో కొమ్మ మీదా వేలు పెట్టుకుంటూ, పిల్లలు చదివినట్టు నెమ్మదిగా చదివింది.

"నువ్వే, నడిపక్కా."

"నేనా? కుట్టాల్సినవి గుట్టలా పడున్నాయే. పెద్దక్కని పంపు."

"పెద్దక్కకేం తెలుసు, విరేచనాల మాత్ర తప్ప?"

"నన్ను చూస్తే మొహం మీదే తలుపేస్తాడే."

"తీస్తాడులే."

మర్నాడు బుధవారం. ఏడున్నర బస్సు. సంచి చిన్నదే మోసింది. కిటికీ పక్క సీటు వెతికి మరీ కూర్చోబెట్టింది. నీళ్ళ సీసా అందిస్తూ అక్క చెయ్యి పట్టుకుంది. నడిపక్క "అబ్బా" అనేదాకా వదల్లేదు.

"పని కాగానే వచ్చెయ్యవే," అని పెద్దక్క కళ్ళొత్తుకుంది. ఎవరు ఏ బండెక్కినా ఆమెకి ఏడుపే.

నడిపక్క తలూపింది. బస్సు కదిలింది.

"సంచిలో పైన ఏదో కవరు పెట్టావేంటే?" అంది పెద్దక్క.

"విడాకుల కాగితాలు. సంతకం పెట్టేశాను."

"అదేంటే! ఆ మనిషెవరో తేలేదాకా పెట్టనన్నావుగా!"

చిన్నది బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ బుధవారం ఏడున్నర బస్సులో మరిది దగ్గరికి కాపురానికి వెళ్ళిన నడిపక్క మళ్ళీ ఎన్నడూ చెల్లెలి గడప తొక్కలేదు.