పాటలో ముఖం లేదు

సాయంత్రం నాలుగు గంటలకు, క్లబ్బులో కుర్చీలు ఇంకా బల్లల మీదే బోర్లించి ఉండగా, గాయని కొత్త పాటను రెండో చరణంలో ఆపేసింది.

“డ్రమ్ముల బాబూ, ఈ పాట రాసింది నువ్వేగా. దీని అర్థమేంటో కాస్త చెప్పు.”

“అర్థమేముందండీ. క్లబ్బుకొచ్చిన అబ్బాయి అక్కడ పాడే అమ్మాయి మీద మనసు పడతాడు. సరదా పాట” అన్నాడు డ్రమ్మర్.

“మనసు పడ్డవాడు కళ్ళు పొగడడా, నవ్వు పొగడడా? జడముడి అంటాడు, మడమలంటాడు, మెడ మీద పుట్టుమచ్చ అంటాడు. ముఖం ఊసే లేదు. మీవాడికి కూర్చోడానికి ఎదురుగా బల్లే దొరకలేదా?”

“దొరకలేదేమోనండీ.”

కీబోర్డు దగ్గరున్న అక్క నవ్వింది. “మెడ మీద పుట్టుమచ్చ నీకూ ఉందిగదే, సరిగ్గా ముడి కింద.”

గాయని చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. “నాకా? నాకే తెలీదే.”

“నీకెలా తెలుస్తుంది? ఎదురుగా కూర్చుని పాట వినేవాళ్ళకీ తెలీదు.”

గాయని వెనక్కి తిరిగింది. ఆరేళ్ళుగా డ్రమ్ములు ఆమె వెనకే, నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. డ్రమ్మర్ తల వంచుకుని ఒక మర బిగిస్తున్నాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

ఆమె మైకు స్టాండును ఎత్తి డ్రమ్ముల వైపు తిప్పి పెట్టింది.

“అక్కా, మొదటినుంచి పాడదాం. బాబూ, ముఖం మీద కూడా ఒక చరణం రాయి. ఇప్పుడు చూసి రాసుకో.”

పాట మళ్ళీ మొదలైంది. రెండో పాదంలోనే డ్రమ్మర్ తాళం తప్పాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.