గిన్నె పెత్తనం

బాగున్న రోజుల్లో సువర్చల, పక్క ఫ్లాటు ఇందుమతి సరదాకి ఒక స్మార్ట్ కాంట్రాక్టు, అంటే షరతులు తనంతట తానే అమలు చేసే ఒప్పందం, మీద వేలిముద్రలు వేశారు. అందులో షరతు ఒక్కటే: ఇద్దరి మధ్యా తిరిగే ఈ చిప్పున్న స్టీలు గిన్నె ఎవరికి అందినా, వాళ్ళు దాన్ని ఖాళీగా తిరిగివ్వకూడదు. అలాంటి ముద్రలు కోర్టులోనూ చెల్లుతాయని చట్టం వచ్చాక గిన్నెకు పెత్తనం వచ్చింది. మర్నాటి సాయంత్రంలోగా నింపి పంపకపోతే ఆ ఇంటి ఫ్రిజ్ తెరుచుకోదు.

ఇంతలో సువర్చల గుత్తివంకాయలో ఉప్పెక్కువైందని ఇందుమతి అంది. మాటలు ఆగిపోయాయి. గిన్నె మాత్రం ఆగలేదు. ఇటు నుంచి కటిక చేదు కాకరకాయ వెళ్ళేది, అటు నుంచి మాడిన ఉప్మా వచ్చేది. మొగుళ్ళిద్దరూ చిక్కి సగమయ్యారు.

చివరికి కాంట్రాక్టు రద్దు చేయించుకుందామని ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళారు. సువర్చల గిన్నె నిండా పులిహోర తెచ్చింది.

"ముందు గిన్నె అప్పగించండమ్మా," అంటూ గుమాస్తా సోమయాజులు అందినట్టు గిన్నె మీద వేలిముద్ర వేశాడు.

గిన్నె కూసింది. "కొత్త సభ్యులకు స్వాగతం. రేపు సాయంత్రంలోగా నింపి తిరిగివ్వండి. రద్దు ఆ తర్వాతే."

మర్నాడు ఆ బ్రహ్మచారి స్వయంగా పప్పు వండి సువర్చల గుమ్మంలోకి తెచ్చాడు. ఇందుమతి కూడా వచ్చి వేలు ముంచి నాకి చూసింది. కళ్ళు మూసుకుంది.

"వదినా, దీని ముందు మీ గుత్తివంకాయ అమృతమండీ!"

సువర్చల పకపకా నవ్వింది. "మీ మాడిన ఉప్మా మాత్రం? దేవుడి ప్రసాదం!"

"అయితే రద్దుకి ఇక్కడ వేలిముద్ర వేయండమ్మా," అన్నాడు సోమయాజులు ఆశగా.

వదినలిద్దరూ ఒక్కసారే చేతులు వెనక్కి పెట్టుకున్నారు.