ఏనుగు అండ్ గుర్రం

"సిస్టమ్‌ని పిలువు" అని బొమ్మల కంపెనీ యజమాని లోపలి గదిలోంచి అరిస్తే, రిసెప్షన్‌లో ఉన్నావిడ "సిస్టర్ని పిలువు" అని విని ఆయన అక్కగారికి ఫోన్ కొట్టింది. కంప్యూటర్లు చూసే అమ్మాయి రావలసిన గదిలోకి అక్కగారు రొప్పుతూ వచ్చి పడ్డారు.

"ఏమైందిరా? ఒంట్లో బాగానే ఉందా?"

"ఒళ్లు బాగానే ఉందక్కా, కొంపే మునిగింది" అంటూ యజమాని కిటికీలోంచి ఎదుటి షాపు చూపించాడు. వచ్చే నెల తను విడుదల చేయాల్సిన గుడ్డ ఏనుగు అప్పుడే అక్కడి అద్దాల వెనక తొండం ఊపుతోంది. దాని పక్కనే తన చెక్కగుర్రం. "మన డిజైన్లు ఎవరో లీక్ చేశారు. ప్లంబరు వచ్చినా ఆగే లీకు కాదిది."

అక్కగారి భర్తే కంపెనీ మేనేజరు. భార్యను ఆఫీసులో చూడగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఈలోగా అసలు సిస్టమ్ అమ్మాయి వచ్చింది.

"అన్ని ఫోల్డర్ల తాళాలూ నీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి దొంగవి నువ్వేనని మేనేజరుగారు అంటున్నారు" అన్నాడు యజమాని. "కాదని ఇవాళే తేల్చు. తేల్చలేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

"అందర్నీ పిలవండి సార్. అందరి ముందే వెతుకుతాను."

స్టాఫంతా గదిలో ఇరుక్కున్నారు. గోడ మీది తెర నల్లబడింది.

"దీన్ని కమాండ్ లైన్ అంటారు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే" అందామె. మేనేజరుకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. ఇంట్లో ఆయన చేసేదీ అదే.

ఆమె మౌసు ముట్టకుండా టైప్ చేస్తూ ప్రతి ముక్కా పైకి చదివింది. "ఫైళ్లన్నీ వెతుకు. పేరులో ఏనుగు ఉండాలి. అండ్. పేరులో గుర్రం ఉండాలి. అండ్. చెత్తబుట్టలోది కాకూడదు."

"మౌసు లేకుండానే ఏనుగును పట్టేస్తోంది" అని వెనక ఎవరో గొణిగారు.

ఎంటర్ నొక్కింది. తెర మీద ఒక్క పేరూ రాలేదు.

"ఏమీ దొరకలేదు సార్."

యజమాని కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నాళ్ల పని. ఏనుగుల్లేవు, గుర్రాల్లేవు, గాడిదలా నేనొక్కణ్ణి మిగిలాను." ఆ వెంటనే మొహం ఎర్రబడింది. "కాపీ కొట్టినవాణ్ణయితే నాలుగు తిట్టి వదిలేద్దును. మొత్తం తుడిచేసినవాణ్ణి మాత్రం జైలుకు పంపుతాను. పోలీసుల్ని పిలువు."

"పోలీసుల్నేనాండీ?" రిసెప్షన్ ఆవిడ ఈసారి రూఢి చేసుకుని మరీ ఫోనందుకుంది.

"ఆగమ్మా, ఆగు" అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "నేను తుడవలేదు. కాపీ తీసి ఎదుటివాడికిచ్చాను, అంతే. తుడిచిన పాపం మాత్రం నాది కాదు, ఒట్టు."

యజమాని కుర్చీలోంచి లేచి ఆయన ఎదుటికొచ్చాడు.

"ఎందుకు బావగారూ?"

"అక్కడికొస్తే డైరెక్టరు కుర్చీ ఇస్తానన్నాడు బావా. ఇక్కడ నా కుర్చీకి చక్రాలే తిరగవు."

"ఏమండీ" అన్నారు అక్కగారు చాలా నెమ్మదిగా. "ఇంటికి పదండి. నేను తిప్పుతాను."

యజమాని దిగులు మాత్రం తగ్గలేదు. "దొంగ దొరికాడు సరే, నా జంతువులేవమ్మా?"

ఆ అమ్మాయి మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది. ఏనుగుకూ గుర్రానికీ మధ్య ఉన్న అండ్ తీసేసి ఆర్ పెట్టింది, ఆ రెండింటినీ కలిపి బ్రాకెట్లలో కట్టేసింది. ఎంటర్ కొట్టగానే తెర నిండా ఏనుగులూ గుర్రాలూ మందలు మందలుగా దిగాయి.

"ఇందాక రెండు పేర్లూ ఒకే ఫైలుకు ఉండాలని అడిగాం సార్. ఏనుగూ గుర్రమూ ఒకటే అయిన బొమ్మ మన దగ్గర లేదు. ఏనుగైనా సరే, గుర్రమైనా సరే అంటే ఇదిగో, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు."

"హమ్మయ్య" అని యజమాని పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితే నీ పొరపాటే మా బావను పట్టిచ్చిందన్నమాట."

"పొరపాటేం కాదు సార్" అందామె అందరివైపూ తిరిగి. "పోనివాటిని పోయాయనిపిస్తే, 'కాపీయే తీశాను, తుడవలేదు' అని చెప్పుకోవలసిన అవసరం దొంగకొక్కడికే ఉంటుందని కావాలనే అండ్ కొట్టాను."