కళ్ళ పందెం

“ఇసుకతో గోళీలా?” అని పిల్లలు పకపకా నవ్వారు.

“ఇసుకతోనే,” అంది సోడాబుడ్డి అక్క. మందపాటి కళ్ళద్దాల వల్ల ఆమెకా పేరొచ్చింది. అసలు పేరు ఆ గోళీల కార్ఖానాలో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళైనా నిండకుండా ముక్కు మీద అంత బరువు మోస్తోంది పాపం.

మేస్త్రీ ఆ ఉదయం పదిమంది పిల్లల్ని తెచ్చి ఆమెకు అప్పగించాడు. గోళీ ఎలా తయారవుతుందో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పమన్నాడు. అది విన్నాక కళ్ళ పందెం. మంచి గోళీల్లో కలిసిపోయిన చెడ్డవాటిని ఎవరు ఎక్కువ ఏరితే వాళ్ళకి కొత్త బట్టలు.

చెప్పడంలో మాత్రం అక్కకి వంక పెట్టలేం. ఇసుక, సోడా, సున్నపురాయి, పగిలిన సీసా పెంకులు కలిపి కొలిమిలో పోస్తారంది. ఆ వేడికి అన్నీ కరిగి పాకమై ధారగా కారుతాయి. పక్కనుంచి సన్నగా రంగు గాజు వచ్చి కలుస్తుంది. గోళీ కడుపులో మెలికలు తిరిగే పువ్వు అదేనట. మర కత్తెర ఆ ధారను టకటకా ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కా ఎర్రగా కాలుతూ, గాడులున్న రెండు రోలర్ల మధ్య పడి, దొర్లి దొర్లి చివరికి చేరేసరికి గుండ్రంగా తేలుతుంది.

“వెంటనే ఆడుకోవచ్చా?” అని అడిగింది అందరికన్నా చిన్నది. తొమ్మిదేళ్ళుంటాయేమో. మనిషి ఇంతే ఉంది, నోరు ఊరుకోదు. వచ్చిన కాసేపటికే మేస్త్రీ దానికి పిచ్చుక అని పేరు పెట్టేశాడు.

అక్క కూడదంది. నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపెడితే పైకి నవనవలాడుతూనే ఉంటుంది, లోపల వెంట్రుకంత పగులు ఇస్తుంది. బుడగలున్నవీ, సొట్టవీ, పగులిచ్చినవీ ఏరేసి మళ్ళీ కొలిమిలోకే పంపుతారు.

పిచ్చుకకి ఇదంతా పండగలా ఉంది. మా టీచరుకి చెబితే నమ్మదు అని రెండుసార్లు అంది. తర్వాత అక్క కొంగు పట్టుకుని మెల్లగా చెప్పింది. “నేను గెలవాలక్కా. గెలిచి రమ్మని మా అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.”

అంతే, అక్క ముఖం మాడిపోయింది. అప్పటినుంచి ఆ పిల్లకి అడుగడుగునా అడ్డం తగిలింది. నీకు బల్ల అందదు, పో అంది. పిచ్చుక ఓ ఖాళీ పెట్టె బోర్లించి ఎక్కింది. ఏరే బల్లకి పైన అద్దం, కింద దీపాలు. వాటిలో గుడ్డిగా వెలిగే దీపం మీదే అక్క దాని గాజు పళ్ళెం పెట్టించింది. పెద్దమనిషి చేసే పనేనా ఇది?

మేస్త్రీ నవ్వాడు. “ఒకప్పుడు ఈ పందెం గెలిచింది మీ అక్కే. ఇప్పుడు తన పేరు పోతుందని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది.” పిల్లలూ నవ్వారు.

ఒక్కో పళ్ళెంలో యాభై గోళీలు, వాటిలో ఐదు చెడ్డవి. తక్కిన పిల్లలు రెండు, మూడు ఏరి అలిసిపోయారు. ఒక కుర్రాడు మాత్రం నాలుగు ఏరాడు. పిచ్చుక కూడా నాలుగు ఏరి, ఐదోదాని కోసం బల్లకి ముక్కు ఆనించి వెతుకుతోంది.

“చాలు, దిగు. ఇంక లేవు,” అంది అక్క, ఉందని తెలిసీ.

పిచ్చుక దిగలేదు. ఒక్కో గోళీనీ ఇంకోదానికి తట్టి వింటూ పోయింది. ఒకటి టింగుమనకుండా టప్పుమంది. ఇది కళ్ళ పందెం, చెవుల పందెం కాదు, చెల్లదు పొమ్మని అక్క దాని చేతిలోంచి గోళీ లాక్కుంది. మేస్త్రీ అడ్డొచ్చి, దాన్ని దీపానికి ఎత్తి చూశాడు. లోపల సన్నటి పగులుంది.

“పదేళ్ళనుంచి ఏరేవాళ్ళకే దొరకదిది. పిట్ట కొంచెం, కూత ఘనం,” అన్నాడు.

తక్కిన పిల్లలకి తలా గుప్పెడు గోళీలిచ్చి పంపేశాడు. పిచ్చుకకి నీలం గౌను వచ్చింది. మోకాళ్ళు దాటి వేలాడుతుంటే, పెరిగే పిల్లేగా, రెండేళ్ళు వస్తుందిలే అన్నాడు. గేటు దగ్గర్నుంచి తల్లిని పిలిపించాడు. ఆమె కూతుర్ని గుండెకి హత్తుకుని, మేస్త్రీకి దణ్ణం పెట్టింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

వెళ్ళేముందు పిచ్చుక అక్క దగ్గరికొచ్చింది. “నేనంటే నీకెందుకక్కా అంత కోపం?”

అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అవి లేకపోతే ఎదుటి మనిషి ముఖం కూడా ఆనదు ఆమెకి.

“ఓడిపోవడం కూడా చేతకాదే నీకు,” అని అటు తిరిగిపోయింది.

ఎంత ఓర్వలేనితనమో అని తల్లి పైకే అనేసింది. పిచ్చుక మాత్రం గౌను అంచు పట్టుకుని, గిరగిరా తిరుగుతూ గేటు దాటింది.

మర్నాడు బడిగంట వేళకి పిచ్చుక ఏరే బల్ల ముందు, అక్క పక్కన పనికి కూర్చుంది.